మా పెరటి ఏరియలు

తంతిలేని వార్తావిద్యయందు మాకు చిరకాలముగ నభిరుచి గలదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండిన దినములలో అంకురించిన యీ యాసక్తియే, పిమ్మట ప్రభుత్వ పరీక్షయందు ఉత్తీర్ణులమై అమెచ్యూరు రేడియో లైసెన్సు పొందుటకు కారణమయ్యెను. మోత్కూరులోని మా యింటి పెరటియందు ఏరియలు నిలుపబూని మేము చేసిన తప్పును, దానివలన నేర్చిన పాఠమును మా విద్యార్థులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఏరియలనగా నేడు యాంటెనా యని పిలువబడునదియే.

రేడియో తరంగములలో పొట్టివియు పొడుగువియు గలవు. మేము కోరుకొన్నది 1.83 మెగాహెర్ట్జుల తరంగము. దీని పొడవు సుమారు 164 మీటర్లు. పగటివేళ సూర్యకాంతిచే ఆకాశమున నేర్పడు నొక పొర దీనిని మ్రింగివేయును. రాత్రి యా పొర తొలగగానే యిది పైపొరలను తాకి దూరదేశములయందు నేలకు దిగివచ్చును. ఇట్టి తరంగమునకు సరియైన నిలువు ఏరియలు ఆ పొడవులో నాలవవంతు, అనగా 41 మీటర్ల యెత్తుండవలెను. తాటిచెట్టును మించిన స్తంభమును చిన్న పెరటిలో నెట్లు నిలుపగలము?

1901వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన మార్కొనీ గాలిపటముతో సుమారు 150 మీటర్ల తీగను పైకెత్తి, అట్లాంటిక్ మహాసముద్రపు ఆవలి సంకేతమును వింటినని ప్రకటించెను. ఈ వృత్తాంతమును తరగతిలో పలుమారులు చెప్పియుండుటచేత, ఎంత యెత్తో అంత మేలను తలంపు మా మనస్సున నాటుకొనెను. అందుచేత వెదురుబొంగులు అదుకుపెట్టి కట్టి 18 మీటర్ల గుంజను లేపితిమి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు త్రాడు పట్టుకొనియుండెను. ఇంతలో వైశాఖమాసపు గాలిదుమారము లేచెను. గుంజ నడిమికి విరిగి, బాలుని భుజమును రాచుకొనుచు నేలగూలెను. ఎముక విరుగలేదు గాని చర్మము లేచిపోయెను.

సాయంకాలము వాని తల్లి వచ్చి, "సారూ, సదువుకొమ్మని పంపితిమి గాని, గుంజల కింద నిలవెట్టుమని గాదు" అనెను. మేము తలవంచుకొని నిలిచితిమి. ఆమె మాటలో తప్పేమియు లేదు. బాలుని అపాయమునకు గురిచేసినది గాలి కాదు, మా తొందరపాటు.

ఆ రాత్రి నిదుర పట్టక, ముందుగా వేయవలసిన లెక్కను అప్పుడు వేసితిమి. ఏరియలునకు పంపిన శక్తి యంతయు ఆకాశమునకు పోదు. కొంత తరంగమగును, తక్కినది నేలయందును తీగచుట్టయందును వేడియై నశించును. 9 మీటర్ల పొట్టి గుంజకు, తరంగమగు పాలును తెలుపు నిరోధము సుమారు 1.2 ఓములు మాత్రమే. మా ఎఱ్ఱచెల్క నేల వేసవిలో ఎండి విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. కావున నష్టపు నిరోధమును 30 ఓములుగా నెంచితిమి. అప్పుడు 100 పాళ్లలో ఆకాశమునకు చేరునవి 4 పాళ్లే. కూలిపోయిన 18 మీటర్ల గుంజ నిలిచియున్నను 14 పాళ్లకు మించెడిది కాదు.

అయితే మరియొక మార్గము గలదు. పొట్టి గుంజ కొననుండి అడ్డముగా తీగలు సాగదీసినయెడల, విద్యుత్తు గుంజ పొడవునను సమముగా ప్రవహించి, ఆ 1.2 ఓములు దాదాపు 4 ఓములు కాగలవు. గుంజ మొదటినుండి బండిచక్రపు ఆకులవలె రాగితీగలు నేలలో పరచినయెడల నష్టము తగ్గును. అది 15 ఓములకు దిగెనేని 100 పాళ్లలో 21 పాళ్లు ఆకాశమునకు పోవును. మేము వెదకిన మేలు మింటియందు లేదు, మంటియందే యున్నది!

మరునాడే 9 మీటర్ల గుంజను నాలుగు దిక్కుల మోకులతో బిగించి నిలిపితిమి. గుంజ కొననుండి వేపచెట్టు వఱకు తీగలు లాగితిమి. గడ్డపారతో జానెడు లోతు చాళ్లు తీసి, ఒక్కొక్కటి 10 మీటర్లుగల 24 తీగలను పాతితిమి. పిల్లల నెవ్వరిని గుంజ దగ్గఱకు రానీయలేదు. ఉరుములు వినబడినంతనే ఏరియలును యంత్రమునుండి విడదీయుట నాటినుండి మా నియమము.

గాయము మానిన పిమ్మట ఆ బాలుడు తల్లి యనుమతితో మరల వచ్చెను. వానికి నేలపై కూర్చుండి చేయు పని యిచ్చితిమి. మీటరు చదరపు కర్రచట్రమునకు తీగ చుట్టి వాడు వినుటకు వేఱొక ఏరియలు చేసెను. ఇరుగుపొరుగు ఎల్.ఇ.డి. దీపములనుండియు చార్జరులనుండియు పుట్టు బుసబుస ధ్వని మా పెద్ద తీగయందు మిక్కుటము. చట్రమును మెల్లగా త్రిప్పి, దాని ముఖమును ఆ ధ్వని వచ్చు దిక్కునకు నిలిపినంతనే అది అణగిపోయి, మందసంకేతములు తేటపడెను.

మార్గశిరమున నొక రాత్రి మేము పంపిన చుక్కలకును గీతలకును హైదరాబాదునుండి మిత్రుని ప్రత్యుత్తరము వచ్చెను. లైసెన్సు లేనివారు ప్రసారము చేయరాదు గాని వినవచ్చును, బాలుడు వినుచుండెను. ప్రక్కన నిలిచిన వాని తల్లి, "గింత కట్టెతోనే గంత దూరం వోయిందా సారూ?" యని యడిగెను. కొమ్మ నుండి కాదు, వేళ్లనుండి పోయినదని చెప్పితిమి.

ఇది వట్టి వినోదమని కొందఱనవచ్చును. 2004 డిసెంబరులో, హైదరాబాదునందు 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ గారును వారి సహచరులును ఇట్టి వినోదమునకే అండమానునందలి పోర్టు బ్లెయిరునకు వెళ్లియుండిరి. 26వ తేదీన సునామీ వచ్చి ఇతర సాధనములు తెగిపోగా, ద్వీపవాసుల క్షేమవార్తలను వారి చిన్న యంత్రములే బంధువులకు చేరవేసెను.

విద్యార్థులారా! ఎత్తుకు పోగోరువారు ముందుగా నేలను చక్కబెట్టుకొనవలెను. ఎవరికిని కనబడని ఆ 24 తీగలే మా గుంజకు బలము. ఈ పాఠము మాకు ఒక బాలుని భుజముపై గాయముచే తెలిసినది. మీకు గాయము లేకుండ తెలియవలెనని మా కోరిక.