అమ్మ గడియారం

నవంబర్ మొదటి ఆదివారం. న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటాక 2 గంటలు కాస్తా మళ్ళీ 1 అయింది. ఫోనూ, లాప్‌టాపూ వాటంతటవే సర్దుకున్నాయి. మైక్రోవేవ్, అవెన్, కారు, గోడగడియారం మాత్రం నా డ్యూటీ. ఎలాగూ కుర్చీ ఎక్కాను కదాని స్మోక్ అలారం బ్యాటరీలూ మార్చేశా. మిగిలిన గంట నిద్రపోదామంటే, మావాడికి ఈ లెక్కలు తెలీవు, 5 కల్లా లేచి కూర్చున్నాడు!

రోజూలాగే రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మకి ఫోన్ చేశా. విజయవాడలో ఏడు అవ్వాల్సింది, ఎనిమిదైంది.

"ఏడింటినుంచీ ఫోన్ దగ్గరే కూచున్నారా, కాఫీ కూడా తాగలేదు" అంది.

ఆఫీసు సర్వర్ల టైమ్ రెండుసార్లు చెక్ చేసినవాణ్ణి, అమ్మకి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. మార్చి దాకా ఇక ఎనిమిదిన్నరకే చేస్తా. అమ్మ గడియారం కదలదు, కదలాల్సింది నేనే.