సాలార్ జంగు ఆయుధశాలలో

హైదరాబాదున మూసీ దక్షిణతీరమున, దారుల్‌షిఫా చెంత, సాలార్ జంగు వస్తుప్రదర్శనశాలలోని ఒత్తితుపాకులను చూచినప్పుడెల్ల, 1949లో అస్తమించిన మూడవ సాలార్ జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ దంతశిల్పములతోడను గడియారములతోడను వీనిని గూడ ఆదరించి సేకరించుట నాకు మిక్కిలి గౌరవాస్పదముగఁ దోఁచును. నా కన్ను నగిషీపై నిలువదు. నిప్పంటిన ఒత్తిని మందుపైకి వంచు ఆ చిన్న యినుపకొక్కెమునే వెదకును. వానలో ఒత్తి యాఱిపోవు చిక్కును తరువాతివారు చెకుముకిరాతితోఁ గొంతవఱకుఁ దీర్చుకొనిరి.

నిజాం అలీఖాన్ కొలువున ఫ్రెంచి సేనాని రేమండు ఈ నగరముననే ఫిరంగులు పోఁత పోయించెను. అతఁడు 1798 మార్చిలో మరణింపఁగా, ఆ యేఁటనే ఆంగ్లేయులతోడి సంధి ననుసరించి ఆతని దళములు నిరాయుధములయ్యెను. అన్ని వేల చేతులనుండి జాఱిన తుపాకులు పిమ్మట నే యిండ్లు చేరెనో యని తలపోయుదును. కావుననే, తుపాకిమడమపై నరిగిన చోటును, మార్చిన కొయ్యను చెఱిపివేయక, పూర్వయజమానుని పేరుతోఁ గూడ భద్రపఱచు సేకర్తయే నాకు పూజ్యుఁడు.