దొరవారిసత్రంలో బుట్టల బేరం

బేరమాడకుండా ఏ వస్తువూ కొనకూడదని మా నాయనగారు నాకు చిన్నప్పుడే నేర్పారు. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను గాని, ఆయన నేర్పిన ఆ విద్య ముందు నా ఎం.ఏ. పట్టా ఎందుకూ కొరగాదని మా ఇంట్లో అంటూ ఉంటారు. అంతటి విద్యా 2025 జనవరిలో దొరవారిసత్రంలో చిత్తుగా ఓడిపోయింది.

మా చెల్లెలు సిడ్నీలో కాపురముంటున్నది. ఆ సంక్రాంతికి నెల్లూరు వచ్చింది. అక్కడి తెలుగువాళ్ళు ఉగాదికి పెద్ద సంబరం చేసుకుంటారట. పద్యాలు చదివేవాళ్ళకూ, నాటకం వేసే పిల్లలకూ ఇవ్వడానికి ఇరవై బహుమతులు తీసుకువెళ్ళే పని దాని నెత్తిన పడింది.

"అన్నయ్యా! ప్లాస్టిక్ జ్ఞాపికలు వద్దు. మన సీమలో ఆదివాసుల చేతిపని ఏదైనా కావాలి" అంది.

"అదెంత పని!" అంటూ టౌనులో ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. "అచ్చమైన గిరిజన కళ సార్" అంటూ దుకాణదారు ట్రేలు పరిచాడు. గోధుమరంగు మీద తెల్లని గీతల మనుషులు గుండ్రంగా నాట్యమాడుతున్నారు. ట్రే 180 రూపాయలన్నాడు. నేను 140కి దింపి విజయగర్వంతో చెల్లెలివంక చూశాను. అది ట్రే తిరగేసి, "ఇది ఎవరు వేశారండీ?" అని అడిగింది. దుకాణదారుకు ప్రశ్న బొత్తిగా అర్థం కాలేదు. "కంపెనీవాళ్ళమ్మా" అన్నాడు. బొమ్మల తీరు చూస్తే మహారాష్ట్రలో ఠాణే వైపు వార్లీలది. అచ్చు మాత్రం మిషనుది. చెల్లెలు ట్రే అక్కడే పెట్టేసి లేచింది.

దారిలో నాకు పాఠం చెప్పింది. ఆస్ట్రేలియాలో ఇదే పెద్ద గొడవట. ఇండొనేషియాలో చేయించిన బూమరాంగులనూ, ఊదే వాద్యాలనూ అక్కడి ఆదిమవాసులు చేత్తో రంగులు వేసినవన్నట్టు ఒక కంపెనీ 18 వేలకు పైగా అమ్మిందట. 2019లో ఫెడరల్ కోర్టు ఆ కంపెనీకి 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే దేశంలో పాపున్యా ఊరి చిత్రకారులు 1972లోనే తమ కంపెనీ తామే పెట్టుకున్నారు. అంచేత ఆదిమవాసుల బొమ్మ కొనేటప్పుడు మూడు సంగతులు అడగాలంటుంది మా చెల్లెలు: ఎవరు చేశారు? వాళ్ళకెంత ముట్టింది? వాళ్ళ పేరు చెప్పారా?

"మన దగ్గర అవన్నీ ఎవరడుగుతారు?" అన్నాను.

"మనమే అడుగుదాం" అంది.

ఆ రోజుల్లోనే సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతోంది. జనవరి 18 నుంచి మూడు రోజులు. పక్షులనూ చూసినట్టుంటుందని ఆదివారం నెల్లూరులో పాసింజరు ఎక్కాం. నాయుడుపేట దాటాక దొరవారిసత్రం చిన్న స్టేషను. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరింది గాని, మాట యాస మటుకు ఇంకా నెల్లూరుదే.

ఈ మండలంలోనే నేలపట్టు ఉంది. 1976 నుంచీ పక్షుల రక్షిత కేంద్రం. చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతులు. ఒక్కొక్క కొమ్మ మీద ఒక్కొక్క సంసారం. పక్షుల రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్ళు పారితే పైరు బాగా వస్తుందని రైతులు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు. పుచ్చుకున్నదానికి బదులు ఇవ్వాలన్న న్యాయం ఆ ఊరివాళ్ళకు పక్షుల దగ్గర కూడా తెలుసు. నాకు మాత్రం అది తెలియడానికి ఇంకొక గంట పట్టింది.

తిరిగి వచ్చే దారిలో వేపచెట్టు కింద ఒక ముసలమ్మ వెదురు చీలుస్తూ కనబడింది. ఎరుకలవారు. ఈ తీరాన ఆదివాసులంటే ముఖ్యంగా యానాదులూ, ఎరుకలవారూను. పక్కన కూర్చున్న మనుమరాలితో అవ్వ తమ కుర్రు భాషలో మాట్లాడుతోంది. చుట్టూ చిన్న చిన్న బుట్టలు. రంగు లేదు, మెరుగు లేదు, అల్లిక ఒత్తుగా, ముచ్చటగా ఉంది.

"ఎంతవ్వా?"

"నూటిరవై సామీ."

"ఎనభై చేసుకో" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

చెల్లెలు అవ్వ పక్కన చతికిలబడి, "ఒకటి అల్లడానికి ఎన్నాళ్ళు పడుతుందవ్వా?" అని అడిగింది. బొంగు 160 రూపాయలట. దానికి నాలుగు బుట్టలు వస్తాయి. చీల్చి, గీకి, ఆరబెట్టేదానికి ఒక రోజు, అల్లేదానికి ఇంకొక రోజు.

చెల్లెలు రైలు టిక్కెట్టు నా చేతికిచ్చి, "నువ్వే లెక్క కట్టు" అంది. వెనకవైపు లెక్క వేశాను. నేనన్న ధరకు నాలుగు బుట్టలు 320. బొంగు ఖర్చు పోతే రెండు రోజుల పనికి మిగిలేది 160, అంటే రోజుకు 80! అవ్వ అడిగిన ధరకు కూడా రోజుకు 160 మించదు. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 300 రూపాయలు. మట్టి తవ్వినవారికంటే ఇంత నేర్పుగల చేతికి తక్కువ ఇస్తున్నామన్నమాట! బుట్టకు 200 ఇస్తే ఆ కూలికి సరిపడుతుంది.

"ఎక్కువెందుకు తల్లీ?" అంది అవ్వ అనుమానంగా.

"ఎక్కువ కాదవ్వా, నీ రోజుకూలి" అని ఇరవై బుట్టలకు 2,000 బయానా ఇచ్చింది చెల్లెలు. బెరడు, పురుగు, గింజ ఏమాత్రం ఉన్నా అక్కడి అధికారులు బుట్టలను దేశంలోకి రానివ్వరని, శుభ్రంగా గీకి ఎండబెట్టమంది.

అంతా సవ్యంగా ఉందనుకుని నేను జేబులోంచి పుస్తకం, కలం తీశాను. "నీ పేరు చెప్పవ్వా, రాసుకుంటాను."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "పేరెందుకు సామీ? మేమేం తప్పు చేసినాం?"

నాకు కాసేపు నోట మాట రాలేదు. "మా అత్త కాలంలో రాత్రిళ్ళు పేరు పిలిస్తే పలకాల్సిందేనంట. ఊరు దాటితే చీటీ కావాల్నంట. ఇప్పుటికీ యాడన్నా దొంగతనమైతే ముందు మా పేర్లే రాసుకుంటారు" అంది.

1871లో తెల్లదొరలు చేసి, 1911 నాటి చట్టంతో మదరాసు రాజధానికీ తెచ్చిన నేరస్థ జాతుల శాసనం అది. పుట్టుకతోనే నేరస్థులని జాతి మొత్తాన్ని రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేసేవారు. మన నెల్లూరు జిల్లావాడైన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆ చట్టం పోవాలని ఎంతో పాటుపడ్డారు. మదరాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ అది రద్దయింది. యక్షగానాల్లోని ఎరుకలసానిని గురించి ఎన్ని పాఠాలు చెప్పానో! అదే జాతివాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టర్లలో ఉండేవన్న ముక్క మాత్రం నా పిల్లలకు ఒక్కనాడూ చెప్పలేదు.

కలం జేబులో పెట్టేశాను. "పేరు లేకపోయినా ఫర్వాలేదవ్వా. నీ పనిని చూసి నిన్ను తలచుకోవాలని అడిగాం" అంది చెల్లెలు.

పది రోజులకు వెళితే ఇరవై బుట్టలూ తయారు. అందులో ఒక్కటీ వంక పెట్టేది కాదు. తొమ్మిదో తరగతి చదివే మనుమరాలు ముందుకు వచ్చి, "అవ్వ పేరు రాయమంది సార్. అయితే నేనే రాయాలంట. మీ పుస్తకంలో వద్దంట" అంది. ఇరవై అట్టముక్కల మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: అవ్వ పేరు, ఊరి పేరు, అల్లడానికి పట్టిన రోజులు. అవ్వ ఒక చీటీ తీసుకుని చాలాసేపు చూసింది. ఆవిడకు చదువు రాదు.

"ఆడోళ్ళు ఇది చదవతారా తల్లీ?"

"చదువుతారవ్వా, పైకే చదువుతారు."

మార్చి 30 ఉగాదినాడు సిడ్నీలో ఒక్కొక్క బహుమతికీ ఆ పేరు పైకి చదివి ఇచ్చారని చెల్లెలు ఫోను చేసింది. ఇరవై ఒకటో బుట్ట మా ఇంట్లో ఉంది. 200 ఇచ్చానంటే మా ఆవిడ, "బేరమాడలేదా?" అని ఆశ్చర్యపోయింది. "ఆడాను, ఓడిపోయాను" అన్నాను.

అవ్వ పేరేమిటని చదువరులు అడగవచ్చు. ఆవిడ దాన్ని బుట్టల మీది చీటీలకు ఇచ్చింది. పత్రికకు ఇవ్వలేదు.