ఆటస్థలమును గూర్చి కొన్ని మాటలు

మన పాఠశాల ఆటస్థలము చెంతనున్న పాత పెవిలియనును తొలగించి క్రొత్తది కట్టింపవలెనని పూర్వవిద్యార్థులు కొందఱు ఈ యేడు పూనుకొనిరి. వారు వ్రాయించి పంపిన పటమును ఉపాధ్యాయులకెల్ల చూపి, ఎవరి యభిప్రాయమును వారు తెలుపవలసినదని ప్రధానోపాధ్యాయులవారు కోరిరి. నేను చెప్పదలచినది ఒక కాగితమున నిముడునట్టిది కాదు. తలిదండ్రులును విద్యార్థులును వినదగిన సంగతులును అందు కొన్ని యున్నవి. కావున ఈ పత్రిక పుటలను ఆశ్రయించితిని.

పటము చూచుటకు సొంపుగానే యున్నది. వానకాలమున మైదానమున నీరు నిలుచును గనుక అరుగును 3 అడుగుల యెత్తున వేసిరి. ముందు 6 మెట్లు, పైన రేకుల కప్పు, వరుసగా స్తంభములు, వెనుక గోడ, అన్నిటికిని తెల్లసున్నము, తూర్పుకొనను సామానుల గది. నూరు కుర్చీలు సులువుగా పట్టును. అయినను మన విద్యార్థులలో ఒకడు దీనిపైకి తనంతట తాను ఎక్కజాలడు. ఇంకొకడు ఎక్కినను తిన్నగా మసలజాలడు. మొదటివాడు చక్రముల కుర్చీలో వచ్చు తొమ్మిదవ తరగతి బాలుడు. రెండవవాడు ఎనిమిదవ తరగతివాడు. పుట్టినది మొదలు చూపు లేనివాడు.

ఆటల గంట కొట్టగానే తక్కిన పిల్లలు మైదానమునకు పరుగెత్తుదురు. వీరిరువురును గ్రంథాలయమున కూర్చుందురు. ఇది దయతో చేసిన యేర్పాటే. అచ్చట ఎండ తగులదు, దెబ్బయు తగులదు. కాని ఆ గంట ముగిసిన పిమ్మట చూపులేని పిల్లవాడు నన్ను అడుగు ప్రశ్న నిత్యము ఒక్కటే: "ఇవాళ ఎవరు గెలిచారు మాస్టారూ?"

ఒక సాయంకాలము వానిని వెంటబెట్టుకొని మైదానమంతయు తిరిగితిని. వాడు నాకు వర్ణించి చెప్పిన మైదానము నేను ఇరువది యేండ్లుగా చూచుచున్నదానివలె లేదు. ఉత్తరపు గట్టున వేపచెట్టున్నదని ఆకుల సవ్వడిని బట్టియే చెప్పెను. కుళాయి యున్న దిక్కును బురద వాసనవలన కనిపెట్టెను. "ఇక్కడ గడ్డి అయిపోయి గులకరాళ్లు వచ్చాయి, అంటే ప్రహరీగోడ దగ్గరపడింది" అని అరికాలితో తడవి చెప్పి, మఱి నాలుగడుగులు వేసి చేయి చాచి గోడను తాకెను. సున్నముతో గీచిన హద్దులు మాత్రము వానికి లేవు. వానిపై నడచిపోయెను గాని వాని నెఱుగడు.

గీతను కాలికి తెలియునట్లు చేయుట క్రొత్త సంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధమున కన్నులు పోగొట్టుకొనిన సైనికుల కొఱకు 1946వ సంవత్సరమున గోల్‌బాలు అను ఆట యేర్పడినది. దాని ఆటచోటు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ప్రతి గీత క్రిందను సన్నని త్రాడు నుంచి పైన పట్టీ అంటింతురు. ఆటగాడు వంగి వ్రేళ్లతో తడవి తానెచ్చటనున్నాడో తెలిసికొనును. బంతిలో గంటలుండును. కొద్దిగా చూపుగలవారికి అధికలాభము కలుగకుండ అందఱును కన్నులకు గంతలు కట్టుకొందురు. 1976లో టొరంటో నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో దీనికి మొదటిసారి పతకములిచ్చిరి. మన మైదానమున పట్టీలు నిలువవు. కాని లావుపాటి కొబ్బరిత్రాటిని సగము నేలలో పూడ్చి, పైన సున్నము చల్లినచో చూపుగలవారికిని లేనివారికిని ఒకే గీత చాలును.

మన పిల్లలకు మిక్కిలి ప్రియమైన క్రికెట్టు మాటయే తీసికొందము. 1922లో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్ను నగరమున, చూపులేని పనివారిద్దఱు ఒక రేకుడబ్బాలో రాళ్లు వేసి, దానినే బంతిగా చేసికొని ఆడ మొదలిడిరి. ఆ యేడే వారికి సంఘమేర్పడెను. 1928లో కూయాంగు అనుచోట వారికి సొంత మైదానమును, క్లబ్బుగృహమును ఏర్పడినవి. డబ్బా మ్రోగిన ఆరేండ్లకు గృహము లేచెను. మనమైతే గృహమునే ముందుగా కట్టబోవుచున్నాము. అయినను తప్పు లేదు, డబ్బాను మఱవకున్న చాలును.

ఆ ఆట నేడు నిబంధనలు గల పెద్ద ఆట. బంతి గట్టి ప్లాస్టిక్కుది. లోపల ఇనుపగుండ్లు గలగలలాడును. బౌలరు సిద్ధమేనాయని అడిగి, "ప్లే" అని పలికి, నేలబారుగా విసరవలెను. బ్యాటరు చెవి యొగ్గి, ఒక మోకాలు వంచి, నేలను ఊడ్చినట్లు కొట్టును. 11 మందిలో కనీసము నలుగురు బొత్తిగా చూపులేనివారై యుండవలెను. వారు చేసిన పరుగు రెండుగా లెక్కకు వచ్చును. గుంటూరు జిల్లాకు చెందిన అజయ్ కుమార్ రెడ్డిగారు ఇట్టి ఆటలోనే భారతజట్టుకు నాయకులై 2018లో ప్రపంచకప్పును గెలిపించిరి. 2023వ సంవత్సరపు అర్జున పురస్కారము నందిరి. 2025 నవంబరులో చూపులేని మహిళల తొలి ప్రపంచకప్పు తుదిపోటీ కొలంబోలో జరుగగా, మన దేశపు బాలికలే గెలిచిరి.

ఈ ఆటలు చూడవచ్చినవారు ఆట నడచునంతసేపు నోరు మెదపరాదు. గోలు పడిన తరువాతనే చప్పట్లు. చూపులేనివారి ఫుట్బాలును సాధారణముగా కప్పులేని చోటనే ఆడింతురు, ప్రతిధ్వని చెవిని మోసగించును గనుక. ఈ సంగతి తెలిసిన పిమ్మట పటములోని రేకుల కప్పు నాకు రుచింపలేదు. చిన్న జల్లు పడినను దాని క్రింద పక్కవాని మాట వినబడదు. రేకులే వేయవలసివచ్చినచో క్రింద మెత్తని తడికెల లోకప్పైన నుండవలెను. ఇక మన వార్షిక క్రీడోత్సవమున మైకుల మోతను గూర్చి వ్రాయబూనినచో సంపాదకులవారు చోటు చాలదందురు.

ఈ మోత చూపున్న పిల్లలకును శిక్షయే కావచ్చును. ఆఱవ తరగతిలో ఒక బాలిక యున్నది. ఈల వినబడగానే చెవులు మూసికొని గోడమూలకు పోవును. అది పెంకితనమని కొందఱనుకొందురు. కాదు, కొందఱు పిల్లలకు శబ్దము దెబ్బవలె తగులును. ఇంగ్లాండులోని సండర్లాండు నగరపు ఫుట్బాలు క్రీడాంగణమున అట్టి పిల్లల కొఱకు 2015లో ఒక గది నేర్పఱచిరి. అందు కూర్చుండి చప్పుడు లేకుండ అద్దముగుండ ఆటను చూడవచ్చును. మన తూర్పుగదిలో చినిగిన వలలును కుంటిబెంచీలును చేరుటకంటె, ఒక కిటికీయు రెండు చాపలును ఉండుట మేలు గదా.

మెట్ల మాట మిగిలినది. చక్రముల కుర్చీకి అడుగు ఎత్తునకు 12 అడుగుల వాలు కావలెను. 3 అడుగుల అరుగునకు 36 అడుగులు, నడుమ ఆగుటకు ఒక చదునైన చోటు, ఇరుప్రక్కల పట్టుకొమ్ములు. స్థలమునకు కొదువ లేదు. మెట్ల అంచులకు పసుపురంగు, స్తంభములకు గోడ రంగు కాక ముదురురంగు వేసినచో మసకచూపు గలవారు తలకు బొప్పి కట్టించుకొనరు. 1967లో జపానులోని ఒకయామాలో సెయిచీ మియాకేగారి పూనికతో తొలుత పఱచిన బొడిపెల పలకలు నేడు మన రైలు స్టేషనులలోను కలవు; గేటునుండి పెవిలియను వఱకు ఒక్క వరుస చాలును.

"ఇద్దఱు ముగ్గురి కొఱకు ఇంత వ్యయమా?" అని ఒక సహోపాధ్యాయులు నన్నడిగిరి. వారు కఠినులు కారు; చందా డబ్బునకు లెక్క చెప్పవలసినవారు. గోడలు లేవకమునుపు వాలు వేయుటకు పట్టునది ఇటుకయు మన్నునే; కట్టిన పిదప బ్రద్దలుకొట్టి వేయుటయే అసలు ఖర్చు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము, ఇట్టి పిల్లలకు చదువుతోపాటు ఆటలయందును సమానావకాశము చూపవలెనని పాఠశాలలను కోరుచున్నది. పైగా క్రీడోత్సవమునాడు మనుమల ఆట చూడవచ్చిన అవ్వలు ఆ పాత మెట్ల కడనే చతికిలబడుటను ప్రతియేడును చూచుచునే యున్నాము.

చప్పుడు బంతి యొకటి జనవరిలో తెప్పించితిమి. శనివారము సాయంకాలము 4 గంటలకు వేపచెట్టు ప్రక్కను పదిమంది బాలురు కన్నులకు గంతలు కట్టుకొని ఆడుచున్నారు. ఇంతవఱకు అందఱికంటె ఎక్కువ పరుగులు చేసినవాడు గ్రంథాలయపు బాలుడే. చక్రముల కుర్చీవాడు లెక్క వ్రాయుటకు ఒప్పుకొనక బౌలింగు చేయుచున్నాడు. తాపీపని తెలిసిన తండ్రులెవరైన ఆ వేళకు వచ్చి, వాలు ఎచ్చట మొదలిడిన నీరు నిలువదో చూచి చెప్పినచో ఉపకారము. మోటారుసైకిలును గేటు కడనే ఆపి నడచి రావలెనని మనవి. లోనికి తెచ్చినచో బంతి వినబడదు.