షెల్టర్ ఎక్కడ, టీచరమ్మా?

శనివారం పొద్దున గుడిలో నాకు రెండు పనులు ఉంటాయి. పదింటిదాకా వంటగదిలో పులిహోర ప్యాకెట్లు కట్టాలి. పదిన్నర నుంచి హాలు పక్కన చిన్న గదిలో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పాలి. మొదటి పని నాకు బాగా వచ్చు. రెండోది కూడా బాగా వచ్చని చాలా రోజులు అనుకున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్తాను. నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టాను. చదివింది కాన్వెంటు బడిలో, అంతా ఇంగ్లీషులోనే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం కానీ చదవడం, రాయడం ఎవరూ నేర్పలేదు. యాభై ఎనిమిదో ఏట, డాలస్ దగ్గర ఈ ఊళ్ళో కూర్చుని, అ ఆలు దిద్దుకున్నాను. ఇక్కడ చదివే మీలో చాలామందిది ఇదే కథ అని నాకు తెలుసు. అందుకే ఇంగ్లీషు చెప్పిన కథని తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే సరిదిద్దండి.

నా క్లాసుకి వచ్చేవాళ్ళు పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. అందరూ అరవై దాటినవాళ్ళే. 2017లో మొదలుపెట్టినప్పుడు ఒక పుస్తకం పట్టుకుని చెప్పేదాన్ని. మూడో పాఠంలో "పోస్టాఫీసు ఎక్కడ ఉంది?" అని అడగడం నేర్పుతారు. నా క్లాసులో ఒక్కరు కూడా ఒంటరిగా పోస్టాఫీసుకి వెళ్ళరు. కారు నడపరు, బస్సు లేదు. పాపం, నా మీద గౌరవంతో వల్లించేవాళ్ళు. మళ్ళీ శనివారానికి అంతా మర్చిపోయి వచ్చేవాళ్ళు.

ఆ అక్టోబర్‌లో ఒక రోజు పుస్తకం పక్కన పెట్టేసి, కిరాణా కొట్టు నుంచి పెద్ద గుమ్మడికాయ తెచ్చి బల్ల మీద పెట్టాను. మా వీధుల్లో అన్ని ఇళ్ళ ముందూ హాలోవీన్ గుమ్మడికాయలు ఉన్నాయి కదా. "వై డు దే కీప్ ఇట్ అవుట్‌సైడ్?" అని అడిగాను.

"దిష్టికి!" అన్నారు ముగ్గురు ఒకేసారి.

మరి దిష్టిని ఇంగ్లీషులో ఏమంటారు? పది నిమిషాలు వాదించుకున్నారు. "బ్యాడ్ ఐ" అన్నారొకరు. "నో, ఐ ఈజ్ గుడ్, పర్సన్ ఈజ్ బ్యాడ్" అన్నారు ఇంకొకరు. నాలుగు నెలల్లో వాళ్ళు నన్ను చూడకుండా ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

తర్వాత పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయి అడుగుతారని చెప్పాను. విజయనగరం వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మాష్టారు ఒకాయన లేచి నిలబడ్డారు. ఆయన చిన్నప్పుడు దసరాకి బడిపిల్లలందరూ గిలకల బాణాలు పట్టుకుని, పంతులుగారి వెనక ఇంటింటికీ పాటలు పాడుతూ వెళ్ళేవారట. పంతులుగారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవారట. ఆయన "వుయ్ గో హౌస్ టు హౌస్" అని మొదలుపెట్టారు. నేను "వెంట్" అన్నాను. ఆయన "వెంట్" అని సర్దుకున్నారు. అది ఎప్పుడో అరవై ఏళ్ళనాటి కథ కాబట్టి ప్రతి వాక్యంలోనూ భూతకాలమే కావాలి. పట్టిక రాసి నేర్పలేనిది అలా వచ్చింది.

ఆ కథ మనవడికి ఇంగ్లీషులో చెప్పి రమ్మన్నాను. మళ్ళీ వారం ఆయన కోపంగా వచ్చారు. "హి ఆస్క్డ్, వాట్ క్యాండీ? ఐ సెడ్, దాల్ అండ్ జాగరీ. హి సెడ్, దట్ ఈజ్ నాట్ క్యాండీ!" అన్ని క్రియలూ సరిగ్గా వచ్చాయి. నేను లోపల్లోపల చప్పట్లు కొట్టాను.

అప్పటి నుంచి క్యాలెండరే మా పుస్తకం. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. 1863లో లింకన్ ప్రకటించిన పండగ అని చెప్పి, ఇంట్లో ఒకరికి థాంక్స్ చెప్పి రండి అన్నాను. ఎవరూ చెప్పలేదు. "సొంతవాళ్ళకి థాంక్స్ చెప్తే పరాయివాళ్ళని చేసినట్టు కదండీ" అన్నారు మాష్టారు. దాని మీదే ఒక గంట మాట్లాడుకున్నాం, సగం ఇంగ్లీషులో. ఫిబ్రవరి 2న గ్రౌండ్‌హాగ్ డే. పెన్సిల్వేనియాలో ఒక జంతువు తన నీడ చూసుకుంటే చలికాలం ఇంకో ఆరు వారాలు ఉంటుందని జోస్యం. "ఓహో, పంచాంగ శ్రవణం" అన్నారు అందరూ. మార్చిలో గడియారం గంట ముందుకి జరిపే ఆదివారం. అది తెలియక ఒకావిడ అభిషేకం అయిపోయాక గుడికి వచ్చింది.

నా పద్ధతి చాలా చిన్నది. ఒక వస్తువు తేవాలి. ముందు "మీ ఊళ్ళో దీన్ని ఎలా చేస్తారు?" అని తెలుగులో అడగాలి. పది మాటలకి మించి నేర్పకూడదు. ఒక వాక్యం ఆ వారంలో ఎవరితోనైనా నిజంగా అని రావాలి. మనవరాలితోనైనా సరే, కొట్లో క్యాషియర్‌తోనైనా సరే. రెండేళ్ళు ఇలా బాగా నడిచింది. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

2019 అక్టోబర్ 20, ఆదివారం. దీపావళికి సరిగ్గా వారం ముందు. రాత్రి తొమ్మిది కావస్తుండగా డాలస్‌లో పెద్ద టోర్నడో దిగి, ఈశాన్యంగా రిచర్డ్‌సన్ వైపు వెళ్ళింది. అందరి ఫోన్లూ ఒక్కసారిగా ఆ భయంకరమైన మోత మోగించాయి. నేను మెట్ల కింద అల్మరాలో దూరాను. అప్పుడు నా ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మనిషి.

"టీచరమ్మా, షెల్టర్ ఎక్కడ?"

మా క్లాసులో ఒక అక్కయ్యగారు. కొడుకూ కోడలూ దీపావళి బట్టలు కొనడానికి వెళ్ళారు. ఇంట్లో ఆవిడ, అయిదేళ్ళ మనవరాలు. ఫోన్లో "టేక్ షెల్టర్ నౌ" అని వచ్చింది. ఆవిడ చదివింది. షెల్టర్ అన్న మాట ఆవిడకి బాగా తెలుసు. అందుకే పిల్లకి బూట్లు తొడిగి, పాస్‌పోర్టులు సంచిలో పెట్టుకుని, వీధి తలుపు తీసి గుమ్మంలో నిలబడి ఉంది. ఏ వైపుకి వెళ్ళాలో చెప్తే పిల్లని ఎత్తుకుని నడుస్తానంది.

ఆవిడది దివిసీమ. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన చూసిన మనిషి. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. ఎత్తైన స్తంభాల మీద సిమెంటు భవనాలు. తుఫాను కబురు వస్తే మూట కట్టుకుని, పిల్లల్ని తీసుకుని, ఇల్లు వదిలి అక్కడికి వెళ్ళాలి. ఆలస్యం చేసినవాళ్ళు బతకరు. ఆవిడకి షెల్టర్ అంటే అది. ఆవిడ తప్పు చెయ్యలేదు, తనకు తెలిసినది సరిగ్గా చేసింది.

"లోపలికి వెళ్ళండి, తలుపు వెయ్యండి, కిటికీ లేని బాత్‌రూమ్‌లో కూర్చోండి" అని నేను అరిచాను. "ఇల్లు వదలొద్దా?" అని రెండుసార్లు అడిగింది. నమ్మకం కుదరలేదు. చివరికి వెళ్ళింది. ఫోను పెట్టెయ్యకుండా నేను వింటూనే ఉన్నాను. అవతల ఆ పిల్ల ఇంగ్లీషులో ఏదో పాట పాడుకుంటోంది.

టోర్నడో వాళ్ళ వీధికి రాలేదు. ఇళ్ళు చాలా పోయాయి కానీ ఆ రాత్రి ఎవరూ చనిపోలేదు. నాకు మాత్రం తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. రెండేళ్ళలో నేను వాళ్ళకి దెయ్యం, మంత్రగత్తె, టర్కీ కోడి, ఆఖరికి గ్రౌండ్‌హాగ్ కూడా నేర్పాను. మేముండే ఊళ్ళో ప్రతి వసంతంలోనూ ఫోన్లో వచ్చే మూడు మాటలు నేర్పలేదు. పండగలు అయితే అందరూ నవ్వుతారు, క్లాసు బాగా నడుస్తుంది, నాకు బాగుంటుంది. వార్తలు నాకు బరువుగా అనిపించేవి. పెద్దవాళ్ళని భయపెట్టడం ఎందుకు అనుకునేదాన్ని.

మళ్ళీ శనివారం దీపావళి ముందు రోజు. ప్రమిదలు తెచ్చిపెట్టుకున్నాను కానీ తియ్యలేదు. బోర్డు మీద రెండు మాటలు రాశాను. టోర్నడో వాచ్. టోర్నడో వార్నింగ్. వాచ్ అంటే ఏంటని అడిగితే "చూడటం" అన్నారు. ఒకాయన బాల్కనీలోకి వెళ్ళి చూస్తానన్నారు! వాచ్ అంటే వచ్చే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండండి అని. వార్నింగ్ అంటే వచ్చేసింది, ఇప్పుడే దాక్కోండి అని. తెలుగులో రెండింటినీ హెచ్చరిక అనేస్తాం. తుఫాను రెండు మూడు రోజుల ముందు చెప్పి వస్తుంది, టోర్నడోకి నిమిషాలే ఉంటాయి. అక్కయ్యగారు లేచి అందరికీ తన కథ చెప్పింది. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. "ఇన్ మై ప్లేస్, షెల్టర్ ఈజ్ ఎ బిల్డింగ్. హియర్, షెల్టర్ ఈజ్ మై బాత్‌రూమ్." అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ రోజు నుంచి గంటలో సగం పండగ, సగం వార్త. 2021 ఫిబ్రవరిలో మంచుకి టెక్సస్‌లో కరెంటు పోయి పైపులు పగిలినప్పుడు "బాయిల్ వాటర్ నోటీస్" మా పాఠం. ఇంకో మార్పు కూడా చేశాను. ఏ మాటైనా నేర్పే ముందు ఈ మాట మీరు ఇంతకు ముందు ఎక్కడ విన్నారని అడుగుతాను. తెలియని మాట కంటే సగం తెలిసిన మాట ఎక్కువ ప్రమాదం.

పండగా వార్తా ఒకేసారి వచ్చిన రోజు కూడా ఉంది. 2024 ఏప్రిల్ 8న మా ఊరి మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం, మర్నాడే ఉగాది. గుడి తలుపు మీద ఇంగ్లీషు నోటీసు మా క్లాసే రాసింది. "క్లోజ్డ్" రాయడం సులువు. సంప్రోక్షణ తర్వాత తెరుస్తామని ఎలా రాయాలి? "క్లీనింగ్" అంటే చీపురు పట్టినట్టుంది అన్నారు మాష్టారు. చివరికి "ఆఫ్టర్ ప్యూరిఫికేషన్" అని ఒప్పుకున్నారు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

ఇక మన తెలుగు సంగతి. నేను నా తెలుగుని కూడా ఇలాగే నేర్చుకుంటున్నాను. ఉగాదికి పంచాంగంలో నా రాశి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం నేనే చదువుకుంటాను. వారానికి ఒక వార్త తీసుకుని, పది మాటలు రాసుకుని, ఒక వాక్యం క్లాసులో ఎవరితోనైనా అంటాను. ఉప్పెన అన్న మాట నాకు ఆ రాత్రి దాకా తెలియదు. తుఫాను, ఉప్పెన ఒకటే అనుకుని ఒకసారి రాస్తే అక్కయ్యగారు కొట్టేసింది. "తుఫాను గాలీ వానా. ఉప్పెన అంటే సముద్రమే ఊళ్ళోకి రావడం. రెండూ ఒకటి కాదు టీచరమ్మా" అంది. నా వాచ్, వార్నింగ్ పాఠాన్ని నాకే అప్పజెప్పింది.

ఇప్పుడు క్లాసుకి కొత్తవాళ్ళు వస్తే నేను పేర్లు అడిగేలోపే ఆవిడ వాళ్ళని లేపి, హాలు వెనక కిటికీలు లేని నడవకి తీసుకెళ్ళి చూపిస్తుంది. "దిస్ ఈజ్ షెల్టర్. ఫస్ట్ లెసన్." ఆ తర్వాతే నన్ను మొదలుపెట్టనిస్తుంది. వచ్చే శనివారం ఇద్దరు కొత్తవాళ్ళు వస్తున్నారట.