కోనసీమ వెలుగులో కారు ఛాయాచిత్రము

గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న కోనసీమకు వచ్చువారు మొట్టమొదట మెచ్చునది కొబ్బరితోటల నీడ. వేసవిలో ఆ నీడను మంచము వాల్చుకొని కూర్చుండుటకంటె సుఖము లేదు. కాని, సోదరీమణులారా, కారునకు ఛాయాచిత్రము తీయుటకు ఆ నీడయంత చెడ్డతావు మఱియొకటి లేదు.

మా ఆడపడుచు భర్తృవియోగానంతరము కుమారుని కళాశాల రుసుము నిమిత్తము కారు నమ్మదలచినది. ఈ దినములలో బేరగాండ్రు ఫోనులో చిత్రమును జూచిన పిదపనే బండిని జూడ వత్తురు. అమలాపురమున తోటలో, మధ్యాహ్నవేళ, పిల్లవాడు తీసి పంపిన చిత్రమును జూచి యొకరు "రంగు పెచ్చులూడినదా?" యని యడిగిరి. రంగు చెక్కు చెదరలేదు. కొబ్బరాకుల సందులనుండి జారిన యెండతునుకలే తెల్లని మచ్చలవలె కనబడినవి. ఆ మచ్చలకు ధర తగ్గనుండెను.

కారణము సులభము. మన కన్ను ఎండకును నీడకును వెంటవెంట సర్దుకొనగలదు. కెమెరాకు ఆ నేర్పు తక్కువ. ఎండకు సరిపఱచిన నీడ నల్లబడును. నీడకు సరిపఱచిన ఎండ సున్నమువలె తెల్లబడును. మిట్టమధ్యాహ్నము ఆరుబయట నిలిపినను మేలు లేదు. అమలాపురము ఉత్తర అక్షాంశమున సుమారు 16½ డిగ్రీలయందుండుటచే, మే మొదటి వారమునను ఆగస్టు మొదటి వారమునను సూర్యుడు నడినెత్తిమీద నిలుచును. అప్పుడు కారు పైకప్పు మిఱుమిట్లు గొలుపును, తలుపులు చీకటిపడును.

కావున వెలుగు వాలిన వేళను వెదకవలయును. ఇందు కోనసీమ భాగ్యము గొప్పది. ఉదయము తూర్పున గౌతమి, సాయంకాలము పడమట వసిష్ఠ. ఎదుర్లంకయొద్ద ప్రొద్దు పొడిచిన గంటలోపలను, దిండియొద్ద ప్రొద్దు గ్రుంకుటకు ముందు గంటలోను చెట్ల యడ్డు లేక వెలుగు ఏటిమీదుగా వచ్చి కారు ప్రక్కను దాకును. మేము రాజోలు మీదుగా దిండికి బోయితిమి. కారును ప్రక్కగా ఏటివైపునకు నిలిపి, ఏటిని వెనుక నుంచుకొని, మా నీడ దానిపై బడకుండ కొంచెము ఓరగా నిలిచితిమి. కారు అద్దమువంటిది, ఎదుటనున్న స్తంభమును, తీయువారి చీరరంగును సైతము చూపును. అందుచే ఎదుట తెఱపి యుండవలయును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట సుమారు 20 నిమిషములు ఆకాశమంతయు నొక్క దీపమువలె మెత్తని వెలుగిచ్చును. ఆ వెలుగున తళుకులు బాధింపవు.

కారు రంగును బట్టి ఎక్స్‌పోజరు మార్చుట రెండవ మెలకువ. కెమెరా తన యెదుటి దెల్ల నడితరపు బూడిదరంగని లెక్కగట్టును. అందుచే తెల్లకారు మాసినట్లును, నల్లకారు వెలిసినట్లును వచ్చును. ఫోనుతెరపై కారున్నచోట వ్రేలుంచి, తెల్లదానికి వెలుగు కొంచెము పెంచవలయును, నల్లదానికి తగ్గింపవలయును.

వాలుటెండ ప్రక్కనుండి పడినప్పుడు సొట్టలు దాగవు. వెనుకతలుపున నొక చిన్న సొట్ట కలదు. దానిని విడిగా తీసి పంపుద మన్నాము. "వదినా, ధర తగ్గదా?" యని ఆడపడుచు శంకించినది. "చూచి వచ్చినవాడు బేరమాడును, మోసపోయి వచ్చినవాడు వెనుదిరిగి పోవును" అని మావారనిరి. పంపితిమి. వచ్చినాయన సొట్టను గూర్చి యెత్తక, ఇంజను పరీక్షించి, బేరము కుదుర్చుకొనెను. రుసుమునకు కొఱత లేకపోయెను.

ఏటియొడ్డు లేని యూరివారు చింతింపనక్కఱలేదు. చెఱువుగట్టయినను, కోతలైన వరిచేను ప్రక్కబాటయైనను చాలును. మబ్బుపట్టిన దినమైనచో వేళతో పనియే లేదు. మబ్బు ఎండను వడగట్టి అన్నివైపులకు సమముగా పంచును. వస్తువు నున్నదున్నట్లు చూపు వెలుగే మంచి వెలుగు.