తపతి గీసిన గీత

సూరత్ పేరు వినగానే జరీ చీరలు, వజ్రాలు, మరమగ్గాల చప్పుడు జ్ఞప్తికి వస్తాయి. తెలంగాణ పల్లెల నుండి బ్రతుకుతెరువు వెదుక్కొంటూ వెళ్ళిన పద్మశాలి కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. అయితే ఆ నగరాన్ని ఒరుసుకొని పారే తపతీ నదికి వర్తకంతో పనిలేని ప్రసిద్ధి మరొకటి ఉన్నది. అది వానర జాతుల సరిహద్దు.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు పడమరగా పయనించి, సూరత్ దాటిన పిదప తపతి అరేబియా సముద్రంలో కలుస్తుంది. పడమట ఈ నదినీ, తూర్పున గోదావరినీ కలుపుతూ ఒక గీత గీస్తే, దానికి ఉత్తరాన పొట్టి తోక, ఎర్రని పిరుదులు గల రీసస్ కోతి. దక్షిణాన పొడవాటి తోక, నడినెత్తిన టోపీవలె పరచుకొన్న జుట్టు గల మన కోతి. ప్రాణిశాస్త్ర గ్రంథాలు చిరకాలంగా చెబుతూ వచ్చిన హద్దు ఇదే. కొండముచ్చులు రెండు వైపులా ఉన్నా, వాటిలోనూ భేదం లేకపోలేదు. నడిచేటప్పుడు ఉత్తరాది కొండముచ్చు తోకను తలవైపు వంచుతుంది. దక్షిణాదిది వెనుకకు వంచుతుంది.

నదులు ప్రాణులను వేరుచేయగలవని ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1852లోనే లండన్ జంతుశాస్త్ర సంఘానికి నివేదించాడు. అమెజాన్ ఒక ఒడ్డున కనిపించే కోతి ఎదుటి ఒడ్డున కనిపించకపోవడం ఆయన గమనించాడు. రాకపోకలు లేని గుంపులు తరతరాలుగా తమ తమ వాతావరణానికీ ఆహారానికీ అనుగుణంగా మారుతూ, తుదకు వేర్వేరు జాతులౌతాయి.

అయినా నది ఒక్కటే గోడ కాదు. రీసస్ కోతి చక్కగా ఈదగలదు. వేసవిలో తపతి చిక్కిపోతుంది. హిమాలయాల మంచుకు సైతం ఓర్చే జాతి అది. మన కోతి దక్షిణాది వెచ్చదనానికి అలవడినది.

ఇప్పుడా గీత చెదురుతున్నది. రీసస్ కోతులు గోదావరిని దాటి తెలంగాణలోకి వ్యాపించాయి. మన కోతులు వెనుకంజ వేస్తున్నాయని 2011లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. బెడద భరించలేక ఒకచోట పట్టిన కోతులను మరొకచోట విడవడం ఇందుకొక కారణం. బోనులో ప్రయాణించే కోతికి నది అడ్డం కాదు గదా!

దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేని ఈ టోపీ కోతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు పొంచి ఉన్న జాతులలో చేర్చింది. రీసస్ కోతికి హిమాలయాల వరకూ చోటున్నది. మన కోతి వెనుక ఉన్నది సముద్రమే.